బూజు పడుతున్న క్యాసెట్ల గురించి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వీడియో ఆర్ట్ మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. నేను దోమలగూడలో ముప్పై ఏళ్ళు పెళ్ళి వీడియోలు తీసినవాణ్ణి. ఆర్ట్ అనే మాట మా షాపు గుమ్మం తొక్కలేదు. నామ్ జూన్ పైక్ అనే కొరియా ఆయన 1963లో జర్మనీలోని వుపర్తాల్‌లో టీవీ బొమ్మల్ని వంకర్లు తిప్పి ప్రదర్శనకు పెట్టాడనీ, 1965లో ఏకంగా టీవీ నెత్తిన పెద్ద అయస్కాంతం పెట్టాడనీ చదివి నవ్వొచ్చింది. మా ఇంట్లో పక్కనున్న స్పీకర్‌లోని అయస్కాంతం వల్ల టీవీలో ఓ మూల ఊదారంగు మచ్చ పడితే, మెకానిక్‌కి డబ్బులిచ్చి మరీ పోగొట్టించుకున్నాం.

అది సరే. 1967లో భుజాన వేసుకుని తిరిగే వీడియో కెమెరా సోనీ పోర్టాపాక్ వచ్చాక కెమెరా స్టూడియో దాటి వీధిలోకి వచ్చిందనీ, 1970లో న్యూయార్క్ కుర్రకారు ‘రాడికల్ సాఫ్ట్‌వేర్’ అనే వీడియో పత్రిక పెట్టారనీ రాశారు. మరి మన పస్తాపూర్ ఏమైంది? ముంబై రోడ్డెక్కితే జహీరాబాద్ దగ్గరే. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చుకుని చిరుధాన్యాల మీద, విత్తనాల మీద, వరంగల్ బీటీ పత్తి రైతుల గోడు మీద ఫిల్ములు తీశారు. 2008లో సొంత రేడియో కూడా మొదలుపెట్టారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే, ఊరి దొర చూపులా ఉంటుందని వాళ్ళు దాన్ని ‘పటేల్ షాట్’ అంటారు. కంటికి సమానంగా పెడితే ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కదా!

ఈ మాట మొదటిసారి విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నేను వియ్యంకుల్ని ఎప్పుడూ కింది నుంచి తీసేవాణ్ణి, మనిషి నిండుగా కనబడాలని. బ్యాండువాళ్ళని, విస్తళ్ళు ఎత్తేవాళ్ళని స్టేజీ మీంచి. అలా తియ్యమని ఎవరూ చెప్పలేదు, చెయ్యే అటు పోయేది.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది క్యాసెట్ల కోసం. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నాలా పొంగి మా షాపులో నడుంలోతు నీళ్ళు నిలిచాయి. పెళ్ళి క్యాసెట్లకి కాపీలు ఆ ఇళ్ళల్లో ఉన్నాయి. కానీ సీజన్ లేని నెలల్లో మిత్రుల కోసం ఊరికే తీసిపెట్టిన వీధి నాటకాలు, బస్తీ మీటింగులకి ఇంకో కాపీ లేదు. ఫ్యాను కింద ఆరబెట్టాక, పాడైనవి పోగా 64 మిగిలాయి. వీడియో టేపు మీద బొమ్మను దాచే అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చి బంకగా మారుతుంది. మీద తెల్లటి బూజు. అలాంటిది డెక్కులో, అంటే వీసీఆర్‌లో పెడితే, టేపును చదివే హెడ్డు మూసుకుపోతుంది, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామన్న ఒక షాపులో నమ్మి ఇచ్చాను, తుడవకుండానే తోసేశారు. టేపు నలిగి, నాలుగు ముక్కలై వచ్చింది. అందులో ఉన్నది ఒక నాటకం.

వీసీఆర్‌లు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016లోనే మానేసింది. కోఠి గుజరాతీ గల్లీలో బెల్టులు ఇంకా వెతికితే దొరుకుతున్నాయి, హెడ్డులు దొరకడం లేదు. నాలాంటి వాళ్ళ బీరువాలు ఈ ఊళ్ళో ఎన్నో ఉంటాయి. పిల్లలు అమెరికాలో, క్యాసెట్లు అటక మీద.

అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికల్ని భద్రం చేసినట్టే, ఒక గదిలో పనిచేసే రెండు వీసీఆర్‌లు, ఒక కంప్యూటర్, టేపు తుడవడం తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ఎవరి క్యాసెట్ వాళ్ళు తెచ్చుకుంటారు. గది ఇస్తే నా డెక్కు ఉచితంగా ఇస్తాను, హెడ్డు క్లీనింగ్ నేర్పడానికి నేనే వస్తాను. మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి, గది కింది అంతస్తులో అయితే మేలు.

– ఒక పాత వీడియోగ్రాఫర్, దోమలగూడ, హైదరాబాద్