పొలం లెక్క కాదు, ఇంటి లెక్క: మన సంఘం ఈ ఏటి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఎన్ని మీటింగులు పెట్టాం, ఎంతమంది వచ్చారు, కుర్చీల అద్దె ఎంతైంది, ఇవన్నీ జమాఖర్చుల కాగితంలో ఉన్నాయి, అక్కడ చూసుకోండి. ఇక్కడ ఎక్కువగా ఇంటి పుస్తకం గురించే రాస్తున్నాను, అంటే వాన, ఎండల దెబ్బ పొలం దాటి ఇంటి మీద ఎలా పడిందో రైతు ఇళ్లవాళ్లే రాసుకున్న పుస్తకం. ఈ ఏడాది మనం గట్టిగా చేసిన పని అదొక్కటే.

పంట పోతే ఎకరానికి ఎంత పోయిందని అందరూ అడుగుతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ అడగరు. అందుకే ఒప్పుకున్న ప్రతి ఇంటికీ ఒక నోటుబుక్కు ఇచ్చాం. వాన ఎప్పుడు పడింది, ఎండ ఎలా ఉంది అన్నది ఎడమ పేజీలో, ఆ వారం ఇంట్లో ఏం కొన్నారు, ఏం ఆపేశారు, ఎక్కడ అప్పు తెచ్చారు అన్నది కుడి పేజీలో రాయమన్నాం. మొదట్లో చాలామంది ఎడమ పేజీ నింపి కుడి పేజీ వదిలేశారు, అప్పు సంగతి రాయాలంటే ఎవరికైనా మొహమాటమే కదా. పేర్లు తీసేసి నంబర్లు వేశాక గానీ రాయడం మొదలవలేదు.

ఒక పుస్తకంలో ఏముందో చెప్తాను, ఆ ఇంటివాళ్లు సరేనన్నాకే రాస్తున్నా. ఎడమ పక్క, "విత్తి పదకొండు రోజులు, చుక్క లేదు, మళ్లీ విత్తాలి." కుడి పక్క, "రెండోసారి విత్తనానికి చేబదులు." దాని కింద, "అమ్మ కళ్లద్దాలు వచ్చే నెల." తర్వాతి నెలా అదే మాట, ఆ పై నెలా అదే. నాలుగో నెలలో ఆ మాట లేదు. కొనేశారేమో అనుకుని అడిగాను. లేదండీ, రాయడం మానేశాం అన్నారు.

దాదాపు అన్ని పుస్తకాల్లోనూ వరస ఒకటే. ముందు పెద్దవాళ్ల మందులూ ఆడవాళ్ల అవసరాలూ వాయిదా పడతాయి, తర్వాత పశువులు అమ్ముతారు, ఆఖరికి పిల్లల చదువు దాకా వస్తుంది. పశువుల దగ్గర ఇంకో దెబ్బ ఉంది. బెట్టకు అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు కాబట్టి ధర పడిపోతుంది. పై ఏడాది వాన బాగానే కురిసినా అప్పటికి పాలూ ఉండవు, పెంటా ఉండదు. అంటే ఒక ఏటి కరువు రెండో ఏటిని కూడా తినేస్తుందన్నమాట.

ఒక మీటింగు మొత్తం వరి మీదే గడిచింది. పూలు విచ్చుకునే ఆ కాసేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. చేను మాత్రం ఏపుగా, పచ్చగానే ఉంటుంది, కంకి చేత్తో నలిపితే గానీ తాలు అని తెలియదు. రాత్రి వేడి సంగతి చాలామందికి కొత్త. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లో వచ్చిన పరిశోధన ప్రకారం, వేసవి పంటకాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత, అంటే రాత్రి వేడి, ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. 2024లో భూమి సగటు వేడి 1850-1900 నాటి కంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది కూడా. ఇది విన్నాక ఒక సభ్యుడు, మరి ఎరువు తక్కువైందని ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నానే అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది.

దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఆడవాళ్లు నడిపే ఇళ్లు ఎండ దెబ్బకు మగవాళ్లు నడిపే ఇళ్ల కంటే 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2024లో లెక్క చెప్పింది. మన పుస్తకాల్లోనూ అప్పు పుట్టక అదను తప్పిపోయింది ఎక్కువగా ఆ ఇళ్లలోనే.

వాన లెక్క చూసి పరిహారం ఇచ్చే పంట బీమా సంగతి చెప్పాలంటే ఒళ్లు మండుతుంది. వాన కొలిచే యంత్రం ఉన్నచోట వాన పడింది, మన చేలల్లో పడలేదు. యంత్రం లెక్కే లెక్క అని కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. మనమే కొన్ని చేలల్లో వాన కొలిచే గొట్టాలు పెట్టి రోజూ రాసి, ఆ కాగితాలతో అర్జీ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే ఏడాది కూడా పెడతాం.

విత్తన నిల్వ మాత్రం చెడింది, తప్పు నాదే. తక్కువ రోజుల్లో కోతకొచ్చే రకాలు సేకరించి డబ్బాల్లో పోశాం. ముసురు పట్టిన వారంలో సరిగ్గా ఆరకుండానే మూతలు పెట్టించాను. తీసి చూసేసరికి పురుగు, బూజు వాసన. మిగిలిన కాస్త విత్తనాన్నీ మొలక పరీక్ష చేశాకే పంచాం.

వచ్చే ఏడాది కుడి పేజీలో ఇంకో గడి పెడుతున్నాం, ఇంట్లోంచి ఎవరు ఎన్నాళ్లు బయటికి పనికి వెళ్లారో రాయడానికి. పాత పుస్తకాలు వచ్చే మీటింగుకి తీసుకురండి. కుడి పేజీ ఖాళీగా ఉన్నా పర్వాలేదు, తారీఖు మాత్రం వేసి తీసుకురండి.