విషజ్వరానికి స్టెరాయిడ్ సూది ఎందుకు?

సంపాదకుడికి,

ఈశాన్య రుతుపవనాల వానలు పడగానే ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు ఊళ్లలో విషజ్వరాలు, వాటి వెనకే ‘డెక్సా’ (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) సూదులు. పొద్దున వేస్తే సాయంత్రానికి జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది. హస్తవాసి మంచిదన్న పేరూ వస్తుంది. వైరస్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

వైరస్ పెరిగేది మన కణాల లోపల. యాంటీబాడీలు ప్రధానంగా బయట దొరికినదాన్నే పట్టుకుంటాయి. లోపలి పని టీ కణాలనే తెల్లకణాలది. వైరస్ సోకిన కణం ఆ వైరస్ ప్రోటీన్ ముక్కల్ని తన పైపొర మీద పెట్టి చూపిస్తుంది. వాటిని గుర్తుపట్టిన సీడీ8 రకం టీ కణం పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో తూటు పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపి ఆ కణాన్ని చంపేస్తుంది. సీడీ4 రకం టీ కణాలు వీటికీ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకూ తోడ్పడతాయి. కొత్త వైరస్ అయితే ఈ కణాలు చాలినన్ని పెరగడానికి వారం దాకా పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సూది పడుతోంది.

డెక్సామెథాసోన్ పడిన కొన్ని గంటల్లోనే రక్తంలో టీ కణాలు తగ్గిపోతాయి, ఉన్నవీ మందగిస్తాయి. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు మాత్రం పెరుగుతాయి. మర్నాటి రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువ కనిపిస్తే, సూది సంగతి తెలియని డాక్టరు బాక్టీరియా అనుకుని యాంటీబయాటిక్ రాయవచ్చు. షుగరున్నవాళ్లకు షుగరు ఎగబాకడం సరేసరి. డెంగీలో మరీ ముప్పు. అందులో ప్రమాదం జ్వరం తగ్గే వేళ, సాధారణంగా 3 నుంచి 7వ రోజు మధ్య మొదలవుతుంది. సూదితో దించిన జ్వరం ఆ లెక్కను తప్పిస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లకు కండకు సూది వేస్తే అక్కడ రక్తం చేరుతుంది కూడా.

కొవిడ్‌లో ఇదే మందు కాపాడింది కదా అంటారు. కాపాడింది, ఆక్సిజన్ అవసరమైనవాళ్లను. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 10 రోజులకు మించకుండా ఇచ్చారు. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు లాభమేమీ కనబడలేదు.

జిల్లా వైద్యారోగ్య, ఔషధ నియంత్రణ అధికారులు మందుల షాపుల్లో స్టెరాయిడ్ ఇంజక్షన్ల అమ్మకాలు తనిఖీ చేయాలి. చీటీ లేనిదే అమ్మకూడదన్న నిబంధన ఉన్నదే. పీహెచ్‌సీల్లో డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష జ్వరం వచ్చిన మొదటి 5 రోజుల్లోనే అందాలి, తర్వాత ఐజీఎం యాంటీబాడీ పరీక్ష చేయాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్లే. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 500 లేదా 650 మిల్లీగ్రాములు 6 గంటల ఎడంతో ఇచ్చి, నీళ్లు బాగా తాగించి, కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపేలా వాళ్లకు శిక్షణ ఇవ్వాలి.

ఎవరు సూది వేసినా మందు పేరు, మోతాదు కాగితం మీద రాయించుకోవాలి. ఆస్తమాకో కీళ్లవాతానికో డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఉన్నపళంగా మానేయవద్దు.

– మైక్రోబయాలజీ అధ్యాపకుడు, నెల్లూరు