అమ్మకు హోమ్ వెతుకుతున్న నీకు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మని మంచం దింపాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోందనీ, రాత్రుళ్ళు నీకూ చెల్లెలికీ నిద్ర ఉండట్లేదనీ చదివి చాలా బాధేసింది. ఒక్క మాట ముందే చెప్తాను. ఆవిణ్ణి పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో చేర్పించాలనుకోవడం అంటే వదిలించుకోవడం కాదురా. ఇరవైనాలుగు గంటలూ మనిషి సాయం కావలసినప్పుడు, ఆ సాయం దొరికే చోటు వెతుకుతున్నావు, అంతే. నలుగురూ ఏమంటారో అన్న ఆలోచన పక్కన పెట్టు.

ఇక నువ్వడిగిన దానికి వస్తాను. చూసిన హోమ్‌లన్నీ బాగానే కనిపిస్తున్నాయి, ఏది నిజంగా మంచిదో ఎలా తెలుసుకోవాలి అన్నావు. మా మేనత్త ఆఖరి రోజులు అలాంటి హోమ్‌లోనే గడిచాయని నీకు తెలుసు కదా. అక్కడ చూసిందీ, ఆ హోమ్‌లో ఉండే సీనియర్ నర్సు ఓపిగ్గా చెప్పిందీ, ఆ తర్వాత పట్టుబట్టి చదివిందీ కలిపి రాస్తున్నాను.

అన్నీ బాగానే కనిపించడానికి కారణం ఉంది. అవేదిస్ డొనబేడియన్ అనే డాక్టరు 1966లోనే చెప్పాడు, వైద్య సేవ ఎలా ఉందో తేల్చాలంటే మూడు చూడాలని: అక్కడ ఏమేం ఉన్నాయి, పని ఎలా జరుగుతోంది, చివరికి మనిషి పరిస్థితి ఎలా ఉంది. హోమ్ వాళ్ళు మనకి తిప్పి చూపించేది మొదటిదే. గదులు, మంచాలు, ఆక్సిజన్, లిఫ్టు, తోట. అవన్నీ ఉండాల్సినవే, కాదనను. కానీ మిగతా రెండూ మనంతట మనం కూర్చుని చూస్తేనే తెలుస్తాయి.

నేనైతే ఒక్కటే చూస్తాను. ఆ హోమ్‌లో నోరు తెరిచి అడగలేని మనిషి ఎలా ఉన్నారు? చలాకీగా మాట్లాడేవాళ్ళు, రోజూ పిల్లలు వచ్చి వెళ్ళేవాళ్ళు ఎక్కడున్నా బాగానే ఉంటారు. మాట పోయి, చూడటానికి ఎవరూ రాక ఓ మూల వీల్‌చైర్‌లో కూర్చుని ఉండే పెద్దావిడని చూడు. జుట్టు దువ్వి ఉందా? గోళ్ళు తీసి ఉన్నాయా? కళ్ళద్దాలు తుడిచి ఉన్నాయా? కట్టుడు పళ్ళు నోట్లో ఉన్నాయా, సొరుగులో పడి ఉన్నాయా? వినికిడి మెషీన్‌లో బ్యాటరీ ఉందా? మంచినీళ్ళ గ్లాసు ఆవిడ చేతికి అందే చోట ఉందా? వయసు మీదపడ్డాక దాహం సరిగ్గా తెలియదు, ఎవరో ఒకరు గుర్తు చేసి తాగించాలి. ఆవిడకి ఇవన్నీ సరిగ్గా జరుగుతుంటే అమ్మకీ జరుగుతాయి. ఏదో ఒక రోజు అమ్మ కూడా అడగలేని స్థితికి రావచ్చు. మనం ఎంచుకోవలసింది ఆ రోజు కోసం.

వాళ్ళు చెప్పిన టైముకి ఒకసారి వెళ్ళు. ఆ తర్వాత చెప్పకుండా వెళ్ళు, ఆదివారం ఒకసారి, సాయంత్రం చీకటి పడే వేళ ఒకసారి. డిమెన్షియా, అంటే వయసులో వచ్చే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్ళలో చాలామందికి సాయంత్రాలే అలజడి ఎక్కువ, స్టాఫ్ డ్యూటీ మారేది కూడా దాదాపు అప్పుడే. ఆ గంటలో హోమ్ అసలు స్వరూపం తెలుస్తుంది. విజిటింగ్ వేళలు ఉండటంలో తప్పులేదు కానీ, ముందు చెప్పకపోతే గేటు దాటనివ్వం అనే చోట మాత్రం అమ్మని పెట్టకు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

వీలైతే ఒక పూట భోజనం వేళ మొదటి నుంచి చివరిదాకా కూర్చో. నా ఉద్దేశంలో అంతకు మించిన పరీక్ష లేదు. తినిపించే మనిషి పక్కన కూర్చుని, ముఖం చూస్తూ, ముద్ద మింగాక ఇంకో ముద్ద పెడుతోందా? లేక నిలబడి ఒకేసారి ముగ్గురికి గబగబా పెట్టేస్తోందా? మింగడం కష్టమైన వాళ్ళని నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక కూడా ఓ అరగంట కూర్చోనివ్వాలి. లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. నోరు శుభ్రం చేయడం కూడా అందుకే ముఖ్యం, నోట్లో పెరిగిన క్రిములు అలాగే కిందికి దిగుతాయి. ప్రతి నెలా బరువు తూచి రాస్తారా అని అడుగు. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే కారణం వెతకాలి. అమ్మ 50 కిలోలుంటే నెలలో రెండున్నర కిలోలన్నమాట. బట్టలు వదులైతే మనకి కనిపిస్తుంది కానీ, అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

బెడ్ సోర్స్, అంటే కదలకుండా పడుకుని ఉంటే పడే పుండ్ల సంగతి కాస్త వివరంగా రాయనీ, ఎందుకంటే అమ్మకి ఎక్కువ భయం అక్కడే. ఒకే వైపు పడుకుంటే ఎముక ఒత్తిడికి అక్కడి చర్మానికి రక్తం అందదు, గంటల్లోనే దెబ్బతింటుంది. నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర ఎక్కువగా వస్తాయి. కదల్లేని వాళ్ళని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటారు. మంచి పరుపు ఉంటే, చర్మం బాగుంటే ఆ వ్యవధి కొంచెం మారవచ్చు, కానీ ఎవరికి ఎంతో వాళ్ళ దగ్గర లెక్క ఉండాలి. బ్రేడెన్ స్కేల్ అని ఒకటుంది, 1987 నుంచి వాడుకలో ఉంది. 23 మార్కులకి 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే పుండ్లు పడే ప్రమాదం ఉన్నట్టు. చేర్చుకున్న రోజున ఇలాంటి అంచనా ఏదైనా వేస్తారా అని అడిగితే, నర్సు ముఖంలోనే జవాబు తెలిసిపోతుంది. మన రంగు చర్మం మీద మొదట్లో వచ్చే ఎరుపు సరిగ్గా కనిపించదు, అందుకని చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చోటు కన్నా వెచ్చగానో గట్టిగానో ఉంటే వెంటనే చెప్పాలి. మా మేనత్త మడమలు మంచానికి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టేవాళ్ళు. ఎంత చిన్న పని! అది రోజూ ఎవరూ గుర్తుచేయకుండా జరిగేది చూడు, ఆ హోమ్ మీద నాకు గౌరవం అందుకే కలిగింది.

డైపర్ల గురించి కూడా తప్పకుండా అడుగు. పట్టుకుని తీసుకెళ్తే బాత్రూమ్‌కి వెళ్ళగలిగే మనిషికి, తమ సౌకర్యం కోసం డైపర్ తొడిగేసే చోట్లు ఉన్నాయి. కొన్నాళ్ళకి వాళ్ళకి ఆ అలవాటే పోతుంది, దాంతోపాటు సగం ధైర్యం కూడా పోతుంది. నాకు అన్నింటికన్నా కోపం తెప్పించేది ఇదే. యూరిన్ పైపు కూడా అంతే, డాక్టరు చెప్పిన కారణం లేకుండా రోజుల తరబడి ఉంచితే ఇన్ఫెక్షన్లు వస్తాయి. వాసన విషయానికొస్తే, ఒక గదిలో కాసేపు వాసన రావడం సహజం, ఎవరికో అవసరమై ఉంటుంది. నడవా అంతా, ఎప్పుడు వెళ్ళినా ఉంటే మాత్రం అనుమానించు. గాటుగా సెంటు కొట్టి ఉన్నా అంతే.

పగటి పూట హాల్లో అందరూ తూగుతూ కూర్చుని ఉంటే, ఏ మందులు ఇస్తున్నారో ఆరా తియ్యి. డిమెన్షియాతో అరిచేవాళ్ళకీ, తిరిగేవాళ్ళకీ మానసిక రోగాలకిచ్చే మందులు వేసి పడుకోబెట్టేయడం ప్రపంచమంతా ఉన్న రోగమే. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో ఆ మందుల వల్ల మరణాలు పెరుగుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. తప్పనిసరైతే వాడొద్దని కాదు. ఎందుకు మొదలుపెట్టారు, ఎప్పుడు తగ్గిస్తారు అన్న రెండు ప్రశ్నలకీ జవాబు ఉండాలి. కుర్చీకి కట్టేయడం కూడా ఈ కోవలోదే. కిందపడకుండా అంటారు. మంచానికి కమ్మీలు పెట్టినా, వాటిని దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడినవాళ్ళున్నారు, మధ్యలో ఇరుక్కున్నవాళ్ళూ ఉన్నారు.

పడటం గురించి అడిగినప్పుడు, "మా దగ్గర ఎవరూ ఎప్పుడూ పడలేదు" అంటే సంతోషించకు. అంతమంది ముసలివాళ్ళున్న చోట ఎవరూ పడలేదంటే, ఎవర్నీ నడవనివ్వట్లేదో లేక పడినది రాయట్లేదో. "ఫలానా నెలలో ఒకాయన రాత్రి బాత్రూమ్‌కి లేచి పడ్డారు, అప్పట్నుంచి ఆ వేళకి మేమే వెళ్ళి అడుగుతున్నాం" అని చెప్పే హోమ్‌ని నేను నమ్ముతాను.

ఇక మనుషులు. నిజానికి ఇదే మొదట రాయాల్సింది. అమ్మతో రోజంతా ఉండేది డాక్టరు కాదు, మేనేజరు కాదు, ఆయా. "రాత్రి రెండింటికి ఒక్కో ఆయా ఎంతమందిని చూసుకుంటుంది?" అని అడుగు. మొత్తం స్టాఫ్ ఎంతమంది అంటే పెద్ద సంఖ్య చెప్తారు, అందులో వంటవాళ్ళూ తోటమాలీ కూడా ఉంటారు. ఆయాలతో విడిగా నాలుగు మాటలు మాట్లాడు. ఎన్నాళ్ళుగా చేస్తున్నారో కనుక్కో. నెలకో కొత్త ముఖం వచ్చే చోట ఎవరికి ఏ వైపు పడుకుంటే నొప్పో ఎవరికీ తెలియదు. ఎదురుగా ఉన్న ఒకావిణ్ణి చూపించి "ఈవిడకి ఏమంటే ఇష్టం?" అని అడిగి చూడు. మంచి ఆయా అయితే ఆ జవాబుకి తడుముకోదు, నవ్వుతూ చెప్తుంది. ఆవిణ్ణి పేరు పెట్టో వరస పెట్టో పిలుస్తోందా, ఆవిడ ముందే ఆవిడ లేనట్టు మాట్లాడుతోందా అన్నది కూడా గమనించు.

డబ్బు, అగ్రిమెంటు సంగతి చెల్లెలు చూసుకుంటానంది కాబట్టి ఎక్కువ రాయను. ఒంట్లో ఇంకా బాగాలేకపోతే ఇక్కడే ఉంచుకుంటారా, పంపించేస్తారా, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే వెంట ఎవరు వెళ్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాలి.

చేర్పించాక మొదట్లో అమ్మ ఏడుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళమంటుంది. అది చూసి హోమ్ మంచిది కాదని వెంటనే తేల్చెయ్యకు, కొత్త చోటు ఎంత మంచిదైనా అలవాటవడానికి టైమ్ పడుతుంది. కానీ ఎవరూ కారణం చెప్పలేని కమిలిన మచ్చలు, ఒక ఆయా గదిలోకి రాగానే బిగుసుకుపోవడం, నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా గందరగోళంగా మాట్లాడటం, ఇవి బెంగ వల్ల వచ్చేవి కావు. ఆ చివరిది ముఖ్యంగా. వయసు వల్లే అని సర్దిచెప్తారు, ఒప్పుకోకు. ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, మొన్న మార్చిన మందో అయి ఉండొచ్చు, అదే రోజు డాక్టరు చూడాలి. ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు మెత్తగా నోటితో చెప్పు, వినకపోతే తేదీ వేసి రాసివ్వు. బాగా చూసుకున్న ఆయాని మాత్రం అందరి ముందూ మెచ్చుకో. వాళ్ళకి ఆ మాట చెప్పేవాళ్ళు చాలా తక్కువ.

ఒక్కటి అడగాలని ఉంది. ఇంత వెతుకుతున్నావు కదా, అమ్మని అడిగావా? కిటికీ పక్క మంచం కావాలో, బాత్రూమ్‌కి దగ్గరగా కావాలో, గదిలో తోడు కావాలో, ఒంటరిగా ఉంటానంటుందో ఆవిడే చెప్పగలదు. ఓపిక ఉన్న రోజు చూసి, నువ్వు ఖాయం చేయబోయే చోటికి ఓ పూట తీసుకెళ్ళు. ఆవిడ వద్దన్న చోటు ఎంత బాగున్నా వద్దు.

వచ్చే ఆదివారం నాకు ఖాళీయే. నీ మనసు మొగ్గుతున్న ఆ రెండో హోమ్‌కి చెప్పకుండా ఇద్దరం వెళ్దాం, సాయంత్రం భోజనాల వేళకి. నువ్వు ఆఫీసులో అడగాల్సినవి అడుగుతూ ఉండు, నేను హాల్లో కూర్చుంటాను. ఏ టైముకి బయల్దేరాలో ఫోన్ చెయ్యి. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. చెల్లెల్ని కాస్త నిద్రపోనివ్వండి.

నీ
బాల్య మిత్రుడు