తుక్కు కింద రాసే ముందు పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ కంప్యూటర్లను అలాగే ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం ప్రమాదమే. అలాగని విండోస్ 11 ఎక్కడం లేదన్న ఒక్క కారణంతో బడుల్లో, గ్రంథాలయాల్లో, కార్యాలయాల్లో శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాలను తుక్కు కింద రాసేస్తే ప్రజల సొమ్ము పారబోసినట్టే.

విండోస్ 11 ఎక్కించబోతే తెరపై వచ్చే ‘ఈ కంప్యూటర్ పనికిరాదు’ అన్న సందేశం తుది తీర్పు కాదు. విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 మదర్‌బోర్డులో ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) ఆపేసి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే ఆప్షన్ ఆన్ చేస్తే చాలు. డిస్క్‌ను భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ముందు డేటా కాపీ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో కొత్త జీపీటీ పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి తిప్పాలి. వరుస తప్పితే విండోస్ బూట్ అవ్వదు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే రాసి పెట్టుకోవాలి. బయోస్‌లో చేయి పెట్టాక కంప్యూటర్ ఆ కీని అడగొచ్చు.

ప్రాసెసరే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో లేకపోతే (ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం కంటే పాతవన్నీ అంతే) దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలున్నాయి. అయితే అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ హామీ ఉండదు. నలుగురి సమాచారం ఉండే యంత్రంపై ఆ పని చేయకూడదు. అక్కడ విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలి.

8 జీబీ పెన్ డ్రైవ్‌లో లినక్స్ రకాలైన మింట్‌ గానీ ఉబుంటు గానీ వేసుకుంటే, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదనుంచే నడిపి చూడొచ్చు. కంప్యూటర్ డిస్క్‌లో ఏదీ చెరగదు. వైఫై, సౌండ్, ప్రింటర్, స్కానర్, స్లీప్‌లోకి వెళ్లి మళ్లీ లేవడం, ఈ అయిదూ ఓపిగ్గా చూడాలి. ఎక్కువగా మొరాయించేవి బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు, కంపెనీ డ్రైవర్ లేనిదే కదలని చవక లేజర్ ప్రింటర్లు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోతే డిస్క్ పాడైందనుకోవద్దు. బయోస్‌లో స్టోరేజ్ సెట్టింగ్ రెయిడ్ అనే మోడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కి మార్చాలి. రెండు సిస్టమ్‌లూ ఉంచుకునేవాళ్లు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆపేయాలి. లేదంటే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు చదవడమే తప్ప రాయడం కుదరకపోవచ్చు.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తోనే. ఎక్సెల్ మాక్రోలు (పనులు తమంతట తామే చేసే చిన్న ప్రోగ్రామ్‌లు) లినక్స్‌లో వాడే ఉచిత ఆఫీస్ ప్యాకేజీ లిబ్రేఆఫీస్‌లో ఉన్నవి ఉన్నట్టు నడుస్తాయన్న భరోసా లేదు. విండోస్‌కే రాసిన అకౌంట్స్ ప్యాకేజీలదీ అదే సంగతి. కాబట్టి లెక్కలు చూసే సీటుకు విండోస్ ఉండనివ్వండి. బ్రౌజర్, ఉత్తరాలు, పీడీఎఫ్‌లతో గడిచిపోయే సీట్లన్నిటికీ లినక్స్ చాలు. ఉబుంటులో దీర్ఘకాల మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్‌కు అయిదేళ్లు అప్‌డేట్లు ఉచితం. నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుకు మాత్రం హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయడమే అన్నిటికంటే మంచి మందు.

మ్యాక్‌కు మారమనే సలహా ఇక్కడ పనికిరాదు. యంత్రమే కొత్తది కొనాలి, యాపిల్ చిప్ ఉన్నవాటిలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం. ఇంటెల్ మ్యాక్‌లకూ మ్యాక్ ఓఎస్ 26తో దారి మూసుకుపోతోంది.

తుక్కు జాబితాపై సంతకం చేసే అధికారులు ప్రతి యంత్రం పక్కన ప్రాసెసర్, టీపీఎం స్థితి, లినక్స్ పరీక్ష ఫలితం, దానిపై నడిచే సాఫ్ట్‌వేర్ పేరు రాయించాలి. కొత్త సాఫ్ట్‌వేర్ టెండర్లలో ఏ బ్రౌజర్‌లోనైనా పనిచేయాలన్న షరతు ఇప్పుడే చేర్చాలి.

– ఒక పాఠకుడు