క్రాంకు మీద చెయ్యి వేసే ముందు

బావా,

నీ ఉత్తరం శనివారం అందింది. అమ్మాయి కాలేజీ కబుర్లు, ఇంటి పైకప్పు పనులు అన్నీ చదివాను గానీ, నా చూపు మాత్రం చివరి నాలుగు వరుసల దగ్గరే ఆగిపోయింది. కొత్తగా కొన్న స్టిల్ 660 చైన్ సా (మోటారు రంపం) క్రాంకులో, అంటే పిస్టన్ ఊపును తిరుగుడుగా మార్చే ఇరుసులో, పిస్టన్ రాడ్డును పట్టుకునే పిన్నును జరిపించి, స్ట్రోకును, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని, 40 నుంచి 42 మిల్లీమీటర్లు చేయిద్దామని రాశావు. వద్దని ఒక్క మాటలో రాసేస్తే నువ్వు వినవు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 54 మిల్లీమీటర్లు, స్ట్రోకు 40 అయితే 91.6 సీసీ. స్ట్రోకు 42 చేస్తే 96.2. దక్కేది నాలుగున్నర సీసీ. పిన్ను ఒక మిల్లీమీటరు బయటికి జరిగితే పిస్టన్ పైకి ఒక మిల్లీమీటరు ఎక్కువ వెళుతుంది, కిందికి ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగుతుంది. పైన హెడ్డు దగ్గర ఉండే సందే ఇంచుమించు అంత. కాబట్టి సిలిండరు కింద ఒక మిల్లీమీటరు ప్లేటు వెయ్యక తప్పదు. వేశావు సరే, అప్పుడు సిలిండరు గోడలోని పోర్టుల, అంటే మిశ్రమం వచ్చే, పొగ పోయే రంధ్రాల, సంగతి? ఎగ్జాస్టు ముందుగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటుంది. నీ ఇంజన్‌లో ఇన్‌టేక్‌ను తెరిచి మూసేది పిస్టన్ కింది అంచు, అంటే స్కర్టే కాబట్టి అది తెరిచి ఉండే సమయం తగ్గుతుంది. పొగ పోయే దారి పెరిగి, పెట్రోలు వచ్చే దారి కుంచించుకుపోతుందన్నమాట. కింద స్కర్టు క్రాంకు వెయిట్లకు (క్రాంకుతో తిరిగే బరువు పలకలకు) తగలకూడదు, రాడ్డు కింది చివర, అదే బిగ్ ఎండ్, క్రాంకు తిరిగే పెట్టె (క్రాంక్‌కేసు) గోడను గీరకూడదు. పోర్టులన్నీ మళ్ళీ చెక్కి కుదుర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకు అది మంచి పనే. విదేశాల్లో కోత పోటీలకు వాడే హాట్ సాలు కూడా బలం కోసం ఇంజన్లు మార్చుకున్న రంపాలే. కానీ అవి దుంగ నుంచి మూడు బిళ్ళలు కోసేంతసేపు తిరిగితే చాలు. నీ రంపం మామిడి దుంగల్ని పలకలు చేస్తూ గంటల తరబడి నిండు లోడు మీద తిరగాలి.

ఇంతవరకూ నీకు చెప్పని సంగతి ఒకటుంది. మూడేళ్ళ కిందట సరుగుడు తోటలు కోసే ముఠా వాళ్ళ రంపం నా దగ్గరికి వచ్చింది. వేగం త్వరగా అందుకుంటుందని క్రాంకు వెయిట్లను లేత్ మీద పెట్టి పలచన చేశాను. ఖాళీగా తిప్పితే ఎంత హుషారుగా లేచిందో! చెట్టుకు ఆనించగానే చతికిలపడింది. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు కూడా ఒక పంపేనని మనకు తెలియనిదా? పిస్టన్ కింద ఎంత ఖాళీ ఉంటే కిందికి దిగేటప్పుడు పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పైకి నెట్టే ఒత్తిడి అంత తగ్గుతుంది. సైకిలు పంపు కడ్డీ అడుగు దాకా దిగకపోతే గాలి ఎలా ఎక్కుతుంది? నేను ఇనుము తీసేసి చేసింది ఆ ఖాళీ పెంచడమే.

అంతకంటే నన్ను బాధించింది వేరే ఉంది. ఆ వెయిట్లు పిస్టన్ ఊపును కొంతవరకు సరితూచడానికి ఉంటాయి. ఒక్క సిలిండరు ఇంజన్‌లో పూర్తిగా సరితూగడం ఎలాగూ కుదరదు. ఉన్న ఆ కాస్తనూ నేను చెక్కేశాను. రెండు రోజులు పనిచేసిన కుర్రాడు రంపం తిరిగి తెచ్చి నా ముందు కూర్చున్నాడు. టీ ఇచ్చాను. పొగలు కక్కుతున్న గ్లాసును వేళ్ళతో గట్టిగా పట్టుకుని అలాగే ఉన్నాడు. వేడి తెలియడం లేదన్నాడు. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నా డబ్బుతో కొత్త క్రాంకు తెప్పించి వేశాను. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది బావా.

అందుకని నా మాట విను. మనం ఆటోనగర్‌లో ఆర్‌ఎక్స్ 100 బైకుల క్రాంకులు విప్పి రాడ్ కిట్లు వేసిన రోజులు గుర్తున్నాయా? నీ 660 క్రాంకు కూడా అలాంటిదే, పిన్ను ప్రెస్సులో నొక్కి కూర్చినదే. ఇంజన్ ఒక్కసారి బిగుసుకుపోయినా, గొలుసు దుంగలో ఇరుక్కున్నా ఆ పిన్ను దగ్గర వెయిట్లు వెంట్రుకవాసి మెలితిరగవచ్చు. కంటికి కనిపించదు. మొన్న ఒక క్రాంకును వి బ్లాకుల (గాడి దిమ్మెల) మీద పెట్టి తిప్పుతూ, వంకర కొలిచే డయల్ గేజి ఆనిస్తే ముల్లు 0.08 మిల్లీమీటర్ల దాకా ఊగింది. రాగి సుత్తితో చిన్న దెబ్బ వేయడం, చూడటం, మళ్ళీ వేయడం. గంటన్నర పట్టింది 0.02కు దించేసరికి. నిమిషానికి 13,000 తిరిగితే సెకనుకు దాదాపు 217 చుట్లు. ప్రతి చుట్టుకూ ఆ ఊపు బేరింగును కొడుతుంది, ఆయిల్ సీలును అరగదీస్తుంది. సీలు వదులైతే గాలి లాక్కుని మిశ్రమం పలచబడుతుంది, ఆ వేడికి పిస్టన్ పట్టేస్తుంది. సరిచేశాక అదే రంపం ఐడిల్‌లో ఎంత నిలకడగా పలికిందో నువ్వు వినాల్సింది.

పిన్ను కదలకుండా చివర్లలో చిన్న వెల్డింగ్ చుక్కలు పెట్టించాలని ఉంటే పెట్టిద్దాం. అదీ సెంటరు సరిచేసిన తర్వాతే, చల్లారాక మళ్ళీ గేజి పెట్టి చూసుకునే. ఇంకా బలం కావాలంటే ముందు హెడ్డు దగ్గర సందు కొలిచి తగ్గిద్దాం. తర్వాత సైలెన్సరు దారి కొంచెం వెడల్పు చేద్దాం.

ఆదివారం రా. క్రాంకును నూనె గుడ్డలో చుట్టి తీసుకురా, సిలిండరూ పిస్టనూ మరిచిపోకు. పాత సీళ్ళు పారేయకు, పెదవులు ఏ వైపు అరిగాయో చూడాలి. డయల్ గేజి నా దగ్గర ఉంది. అక్కయ్యకు నమస్కారాలు చెప్పు.

నీ,
బావమరిది