శీనుగాడికి, మిర్యాలగూడ నుంచి

మిర్యాలగూడ,
కార్తీక పున్నమి మరునాడు

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ పదకొండు నిమిషాలుందిరా. మూడుసార్లు విన్నా. మూడోసారి బాయిలర్ పక్కన నిలబడి విన్నా కాబట్టి సగమే వినబడింది, అయినా అసలు ముచ్చట అందింది. వాగు పక్కన మీ రెండెకరాల చెలకను పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, అదే ఇథనాల్, తీసే ఫ్యాక్టరీ కోసం అడుగుతున్నారు, మధ్యవర్తి మీ తమ్ముడికి రోజూ చాయ్ తాగిస్తున్నాడు, నువ్వేమో పుణెలో కూర్చుని పరేషాన్ అవుతున్నావు. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు. అందుకే మిల్లు లెటర్‌ప్యాడ్ చింపి రాస్తున్నా. మా సేటు చూస్తే జీతంలో కోస్తాడు.

ఆ మధ్యవర్తి 'బయోరిఫైనరీ' అన్నాడని మీ తమ్ముడు తెగ మురిసిపోతున్నాడట కదా. పేరు కొత్తది గానీ పని పాతదే. మా మిల్లునే చూడు. క్వింటాల్ వడ్లు లోపలికి పోతే ఉప్పుడు బియ్యం 68 కిలోలు సర్కారు లెక్కలోకి పోతాయి. ఊక ఇరవై కిలోల దాకా వస్తుంది, అది మా బాయిలర్‌లోనే కాలి, వడ్లు ఉడకబెట్టడానికి ఆవిరి ఇస్తుంది. తవుడు నూనె తీసే ఫ్యాక్టరీకి. నూకలు కోళ్ల దాణాకి. ఆఖరికి మిగిలిన నల్ల బూడిద కూడా ఇటుకల బట్టీవాడు ట్రాక్టర్ పెట్టి ఎత్తుకెళ్తాడు. ముడిచమురు నుంచి పెట్రోలు, డీజిలు, తారు విడదీసినట్టే ఒక పంటను ముక్కలు చేసి, ఏ ముక్కను ఎవరికి అమ్మాలో తెలిసి ఉండటం, అంతే. పదమూడేళ్లుగా నేను చేస్తున్నది అదేనని నాకూ ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు ఇథనాల్ సంగతి. పోయినేడు నూకల లోడుతో లారీ వెంట ఇథనాల్ తీసే ఒక డిస్టిలరీకి పోవాల్సి వచ్చింది. లోడు తేమ ఎక్కువుందని వాళ్లు, లేదని మేము. తకరారు తేలేసరికి రాత్రి పదకొండైంది. అంతసేపు ఏం చేయాలి, అక్కడి షిఫ్ట్ కెమిస్ట్ మన నాగర్‌కర్నూల్ పిల్లగాడే, లోపలంతా తిప్పి చూపించాడు.

కల్లు నీకు తెలిసిందే. ఈత చెట్టు నీళ్లలో చక్కెర తయారుగా ఉంటుంది, పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ వచ్చి పడితే చాలు, పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఎక్కుతుంది. నూకల్లో చక్కెర లేదు, పిండి ఉంది. అన్నం ముద్ద నోట్లో చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది చూడు, మన ఉమ్మిలో ఉండే, పిండిని చక్కెరగా విరగ్గొట్టే అమైలేజ్ అనే ఎంజైము పని అది. అక్కడ పెద్ద ఉక్కు తొట్లలో చేసేది అదే నమలడం. నూకలు పిండి కొట్టి, నీళ్లు కలిపి, 85, 90 డిగ్రీల వేడిలో ఒక ఎంజైము వేస్తే జావ పలచబడుతుంది. చల్లార్చి ఇంకోటి వేస్తే చక్కెర అవుతుంది. తర్వాత ఈస్ట్. రెండు రోజులు దాటాక అందులో పది, పన్నెండు శాతం ఆల్కహాల్ తయారవుతుంది. దాన్ని కాచి 95 శాతం దాకా తెస్తారు. అక్కడితో ఆగితే పెట్రోల్‌లో కలపడానికి పనికిరాదు, మిగిలిన నీటిని కూడా జల్లెడ లాంటి గుళికల గుండా పంపి పీల్చేస్తారు. ఆ పిల్లగాడు గాజు కిటికీలోంచి పులుస్తున్న తొట్టిని చూపించాడు. నురగ పైకి లేచి, విరిగి, మళ్లీ లేస్తోంది. వాసన మాత్రం అచ్చం మన గౌడ్ల బజారు, ఎండ ముదిరాక. నాకు బుద్ధి పుట్టింది గానీ, అది తాగేది కాదని చెప్పాడు.

లెక్క విను. టన్ను నూకలకి దాదాపు 450 లీటర్లు వస్తుంది, మక్కలకైతే 380 దాకా. రోజుకి లక్ష లీటర్ల ఫ్యాక్టరీ అనుకో, దినాం 220 టన్నుల నూకలు కావాలి, అంటే పది, పన్నెండు లారీలు. మన వాగు మీది కల్వర్టు సంగతి తెలుసు కదా, బర్రెలు పోతేనే ఊగుతుంది. లీటరు ఇథనాల్‌కి నాలుగు లీటర్ల మంచినీళ్లు వేసుకున్నా రోజుకి నాలుగు లక్షల లీటర్లు, నలభై ట్యాంకర్లు. ఇది ఫ్యాక్టరీ లోపలి నీళ్లే, పంట తాగిన నీళ్లు వేరే. చెరకుతో చేసే లీటరు ఇథనాల్‌కి పొలంతో కలిపి 2,860 లీటర్ల నీళ్లవుతాయని నీతి ఆయోగ్ వాళ్లే 2021లో రాశారు. ఇక వరి తాగే నీళ్ల సంగతి, బోరు వేసి ఎండబెట్టుకున్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆల్కహాల్ తీశాక మిగిలిన గోధుమరంగు నీళ్లను స్పెంట్ వాష్ అంటారు. లీటరుకి ఎనిమిది లీటర్లు మిగులుతుంది. దాన్ని ఆవిరి పట్టి, ఆరబెట్టి, పశువుల దాణాగా అమ్ముకోవాలి. ఆరబెడితే నిజంగానే మంచి సరుకు, నేను పిడికిట్లోకి తీసుకుని చూశా, వేయించిన తవుడులా ఉంది. కానీ ఆరబెట్టడానికి ఆవిరి కావాలి, ఆవిరికి పైసలు కావాలి. రాత్రిపూట ఎవరూ చూడకుండా వాగులోకి వదిలితే పైసా ఖర్చుండదు. జగడమంతా అక్కడే. నారాయణపేట జిల్లా చిత్తనూరు వాళ్లయినా, 2025లో రాజోలి మండలం పెద్ద ధన్వాడ వాళ్లయినా ఇథనాల్ ఫ్యాక్టరీ మీద చదువు లేక ఎదురు తిరగలేదురా, నీళ్ల భయంతో తిరిగారు. ఇంకోటి, 2021లో కేంద్రం ఒక సడలింపు ఇచ్చింది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మాత్రమే ధాన్యంతో చేస్తాం, చుక్క నీరు బయటికి వదలం అని రాసిచ్చే ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. అందుకే మీ తమ్ముడు మీటింగ్ ఎప్పుడో పెడతారని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

ఇంధనం వద్దని కాదు నా మాట. 2022లో పెట్రోల్‌లో పది శాతం కలిపాం, 2025కి ఇరవైకి చేరాం. చమురు కొనే డాలర్లు మిగులుతాయి, నిజమే. నా బండి మైలేజీ తగ్గింది, అదీ నిజమే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులే కదా. నాకు నచ్చనిదల్లా తిండిగింజను ట్యాంకులో పోయడం. 2023 జూలైలో కేంద్రం ఆహార సంస్థ ఎఫ్‌సీఐ ఇథనాల్‌కి ఇచ్చే బియ్యం ఆపేసరికి డిస్టిలరీలన్నీ నూకల మీద, మక్కల మీద పడ్డాయి. మా సేటు నవ్వాడు, నూకలు కొనే కోళ్ల ఫారం ఆయన ఆముదం తాగినట్టు ముఖం పెట్టాడు. మక్కలు అమ్ముకునే దేశం కాస్తా 2024లో మక్కలు కొనుక్కుంది.

గడ్డితో చేస్తే? చేస్తున్నారు. హర్యానాలో పానిపట్ దగ్గర ఇండియన్ ఆయిల్ వాళ్లది 900 కోట్లు దాటిన ఫ్యాక్టరీ, 2022 ఆగస్టులో మొదలైంది. ఏటా రెండు లక్షల టన్నుల వరిగడ్డితో మూడు కోట్ల లీటర్లు తీయాలని లెక్క. అంటే టన్నుకి 150 లీటర్లే. గడ్డిలోనూ ఉన్నది చక్కెరే, కానీ సెల్యులోజ్‌గా అల్లుకుని, లిగ్నిన్ అనే జిగురులో పాతుకుని ఉంటుంది. దాన్ని విప్పడం నూకల అంత సులువు కాదు. పైగా వరిగడ్డిలో సిలికా, అంటే ఇసుకే అనుకో, యంత్రాలను అరగదీస్తుంది. ఇక్కడ సాగర్ ఎడమకాలువ కింద యాసంగి కోతలయ్యాక పొలాలు తగలబెడుతుంటే రాత్రిపూట రోడ్డు కనబడదు. ఆ గడ్డి కట్టలు కట్టి కొనేవాడొస్తే నేనే మొదట దండేస్తా. కానీ ఊరూరా కట్టలు కట్టే బేలర్, ట్రాక్టర్, తడవకుండా పెట్టే జాగా, ఇవన్నీ ఎవరు చూస్తారు? గడ్డి తేలిక, కిరాయి బరువు.

అసలు నేను రాయాలనుకున్నది ఆముదం గురించి. నవ్వకు. మా అవ్వ గుర్తుందా, కట్టెల పొయ్యి మీద ఆముదాలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో గంటల తరబడి కాచేది. నూనె పైకి తేలగానే గరిటె అంచుతో, నీళ్లు రాకుండా, ఊపిరి బిగబట్టి తీసేది. ఆ వాసనకి మనం పరుగే పరుగు. ఆ నూనెలో 85 శాతానికి పైగా రిసినోలిక్ అనే కొవ్వు ఆమ్లమే, ఇంత ఎక్కువగా ఇంకే పంట నూనెలోనూ లేదు. దాన్ని క్షారంతో, 250 డిగ్రీల వేడిలో విరగ్గొడితే సెబాసిక్ ఆమ్లం వస్తుంది, నైలాన్‌లో పోతుంది. ఇంకోలా, ఇంకా వేడిలో విరగ్గొడితే వచ్చేదానితో నైలాన్-11 అనే ప్లాస్టిక్ చేస్తారు. కారులో పెట్రోల్ పారే గొట్టాలు దానితో చేస్తారట! తిండిగింజను ట్యాంకులో పోయనక్కర్లేకుండా ఆముదం గొట్టమై కూర్చుందిరా. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదం ఇంగ్లిష్ పేరు క్యాస్టర్ నుంచి వచ్చిందే.

ప్రపంచంలో పండే ఆముదాల్లో ఎక్కువ భాగం మన దేశానివే, అందులోనూ ఎక్కువ గుజరాత్‌వే. ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ చెలకలు కూడా ఆముదాలతో నిండి ఉండేవి. పత్తి వచ్చి తోసేసింది. నాగర్‌కర్నూల్ దగ్గరి పాలెం పరిశోధన కేంద్రం వాళ్లు పీసీహెచ్-111 లాంటి ఆముదం హైబ్రిడ్లు ఇచ్చినా, గెల వేసే టైముకి ముసురు పట్టి బూజు తెగులు వస్తే అంతే సంగతులు. దాసరి పురుగు ఉండనే ఉంది. కాబట్టి ఆముదం వేస్తే బంగారమని నేననను. తిండితో పోటీ పడకుండా చెలకలో, వానకే బతికే పంట ఒకటి మన దగ్గరుందని మాత్రం అంటున్నా.

అడవి ఆముదం కథ మరిచిపోలేదులే. అప్పట్లో మా మేనమామ ఎవరో చెప్పారని జట్రోఫా మొక్కలు ఎకరం వేశాడు. బయోడీజిల్, మూడేళ్లలో లక్షలు అన్నారు. కాయలు కాసినయి, కొనేవాడు రాలేదు. మేకలు కూడా ముట్టలేదు. ఇప్పుడది మామ పొలానికి కంచె. ఆయనతో బయోరిఫైనరీ అని చూడు, చెప్పు తీస్తాడు.

కాబట్టి మీ రెండెకరాలు నన్నడిగితే, అమ్మకు. ఫ్యాక్టరీ పెడితే నీళ్లు ఎక్కడివి, కృష్ణావా, బోర్లవా, పర్మిషన్ కాగితంలో ఏం రాశారు, స్పెంట్ వాష్ ఆరబెట్టే యంత్రం మొదటిరోజే పెడతారా తర్వాతా, సరుకు నూకలా మక్కలా, అది మీ తమ్ముడు అడిగి రాయించుకోవాలి. వాగు పక్క జాగానే ఎందుకు కావాలి అని ముందు అడగమను. ఆ ఒక్క ప్రశ్నకి మధ్యవర్తి చాయ్ మానేస్తే మనకు జవాబు దొరికినట్టే. సంక్రాంతికి నువ్వొచ్చేదాకా సంతకం వద్దను.

చిన్నోడి తలకి ఆముదం అడిగింది కదా మరదలు. అవ్వ లేదు గానీ అమ్మ అదే పొయ్యి మీద కాచింది. పుణె బస్సులో పెట్టి పంపుతున్నా. మూత గట్టిగానే బిగించా, మూడు కవర్లు కూడా చుట్టా, అయినా ఆముదం కదా, కారే ఉంటుంది. సంచి తీసేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోకు.

నీ
మల్లేశ్