మీ తోటలోని పొట్టి మట్టల చెట్టు

ఒరేయ్ శ్రీనూ,

ఉత్తరం అందింది. మీ దమ్మపేట తోటలో ఒక పామాయిల్ చెట్టుకి మట్టలు పొట్టిగా ఉన్నా గెలలు బాగా వేస్తోందని రాశావు. దాని గింజలు మొలకెత్తించి నాటే ఆలోచన మాత్రం మానెయ్ రా. మన తోటల్లో ఉన్నది టెనెరా, అంటే డ్యూరా, పిసిఫెరా అనే రెండు రకాలకి పుట్టిన హైబ్రిడ్. దాని పిల్లల్లో సగమే టెనెరా అవుతాయి. పావు వంతు గింజ చుట్టూ మందపాటి పెంకు ఉండే డ్యూరా, మిగతా పావు పెంకు లేని పిసిఫెరా. ఆ పిసిఫెరాలకి చాలావాటికి గెల నిలవదు. ఏళ్ల తరబడి నీళ్లూ ఎరువులూ పెట్టాక ఆ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించు.

అయినా నువ్వు మట్టని గమనించావు చూడు, భలే సంతోషమేసింది. అందరూ గెల బరువే అడుగుతారు. చెట్టుకీ చెట్టుకీ 9 మీటర్లు ఉండేలా త్రికోణంలో నాటితే ఎకరాకి 57 చెట్లే పడుతున్నాయంటే కారణం మట్టలు అంత దూరం చాచుకోవడమే. 8 మీటర్లకి సర్దుకునే రకం వస్తే లెక్క ప్రకారం 73 పడతాయి. అలాగని ఆకే తగ్గిపోతే ఎండ అందక నూనె పడిపోతుంది. మట్ట పొట్టిదవ్వాలి, ఆకు విస్తీర్ణం మిగలాలి. చిక్కంతా అక్కడే ఉంది.

గింజ పెంకు ఎలా ఉండాలో నడిపేది ఒక్క జన్యువు. మలేషియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్తలు అమెరికా వాళ్లతో కలిసి 2013లో దాన్ని పట్టుకున్నారు. మట్ట పొడవు అలా తేలేది కాదు, ఎన్నో జన్యువులు తలా కొంచెం చెయ్యి వేస్తాయి. అందుకే ఒకే సంకరం పిల్లల్ని ఒకే పొలంలో, ఒకే వయసులో పెంచి, ప్రతి చెట్టు మట్టా కొలిచి, డీఎన్ఏలో ఏ గుర్తులున్నవాటికి మట్ట పొట్టిగా వస్తోందో వెతుకుతారు. ఆ గుర్తులు గట్టిగా తేలితే నర్సరీలో చిన్న ఆకు ముక్కతోనే మొక్కల్ని ఏరుకోవచ్చు. చెట్టు పెరిగి మట్టలు చాచేదాకా ఆగక్కర్లేదు. ఒక తరం బ్రీడింగ్‌కే పదేళ్లు పట్టే పంటలో ఇది ఎంత పెద్ద మేలో నీకు వేరే చెప్పాలా?

ముందు నీ చెట్టు ఆకుల కొసలు చూడు. కొక్కెంలా వంగి ముడుచుకుని ఉంటే అది బోరాన్ లోపం కావచ్చు, జన్యువుల పని కాదు. బాగానే ఉంటే 17వ మట్ట కొలువు. మొవ్వు పక్కన పూర్తిగా విచ్చుకున్న లేత మట్ట ఒకటోది. దాని వరుసలోనే కిందికి 9, ఆ కింద 17 వస్తాయి. ముళ్లు అయిపోయి ఆకులు మొదలయ్యే చోటు నుంచి కొస దాకా టేపు పట్టు. చుట్టూ ఉన్న అదే వయసు చెట్లవీ కొలిచి రాయి, అప్పుడు పోల్చి చూద్దాం.

అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
రాజు